గింజల నుండి పాలు: ఇంటిలో తయారు చేయు విధము, వాని గుణములు

పాడిపంటలు గల ఇల్లు కలిగిన ఇల్లని మన పెద్దలు చెప్పుదురు. పసిపిల్లలకు, గర్భిణులకు, జబ్బుపడి లేచిన వారికి పాలు ఎంత మేలు చేయునో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ప్రతి ఇంటను పాడి ఉండదు. పాడి ఉన్న ఇంట కూడ పితికిన పాలు పాలకేంద్రమునకు పోయి, ఇంటివారికి తేనీటిలోనికి మాత్రమే కొంచెము మిగులుట పల్లెలలో తరచుగా కనబడును. కొందరికి పాలు త్రాగినచో కడుపు ఉబ్బరించును. మరికొందరు నియమము వలన పాలు ముట్టరు.

వరంగల్లు చుట్టుపట్ల చెలక నేలలలో వేరుశనగ పండును, నువ్వులు పండును. మన ప్రాంతమువారు పల్లీలని పిలుచు ఈ వేరుశనగ, ఏనుమాముల వ్యవసాయ మార్కెట్టుకు ప్రత్తి, మిరప, పసుపు, మొక్కజొన్నలతో పాటు వచ్చు పంటలలో ఒకటి. సోయాచిక్కుడు ఆదిలాబాదు, నిర్మల్, నిజామాబాదు ప్రాంతములలో విస్తారముగా పండుచున్నది. ఈ గింజల నుండి పాల వంటి తెల్లని పానీయమును ఇంటిలోనే తీయవచ్చును. దానిని ఎట్లు తీయవలెను? అది దేహమునకు ఏమి మేలు చేయును? ఏ పనికి అది చాలదు? ఈ మూడు విషయములను ప్రతి గృహిణియు, ప్రతి రైతును తెలిసికొని యుండుట అవసరము. వీనిలో మూడవది తెలియకున్నచో మొదటి రెండు తెలిసియు కీడు కలుగవచ్చును.

ఇది క్రొత్త వస్తువు కాదు

గింజల పాలు అనగానే ఇది పట్టణములవారి క్రొత్త వేడుక అని తోచవచ్చును. నిజమునకు మన వంటయింటిలో ఇది పూర్వము నుండి ఉన్నదే. కొబ్బరి తురిమి, పిండి పాలు తీయుట ఎల్లరును ఎరుగుదురు. గసగసాలు నూరి పాలు తీసి పాయసములో వేయుదురు. నానిన రాగులను రుబ్బి, బట్టలో వడియగట్టి, ఆ పాలను కాచి పిల్లలకు జావగా పోయుదురు. చీనా దేశమున సోయాచిక్కుళ్ల పాలు చాల కాలముగా ఉదయపు పానీయము. ఐరోపాలో మధ్యయుగమున ఉపవాస దినములలో పశువుల పాలు నిషిద్ధము కాగా, సంపన్నులు బాదము పాలు వాడెడివారు.

ఈ పాలు ఏర్పడు తీరు సులభముగా అర్థమగును. వేరుశనగ, సోయా వంటి గింజలలో మాంసకృత్తులును, నూనెయు కలవు. గింజను నానబెట్టి నీటితో మెత్తగా రుబ్బినప్పుడు నూనె అతి చిన్న బిందువులుగా విడిపోవును. మాంసకృత్తులు ఆ బిందువులను చుట్టి నీటిలో తేలియుండునట్లు పట్టియుంచును. వెలుతురు ఈ బిందువులపై చెదరుటచే ఆ నీరు తెల్లగా కనబడును. పశువుల పాల తెలుపునకును కారణమిదియే. కాని రంగు ఒకటైనంత మాత్రమున గుణమొకటి కాదు.

గాంధీజీ అనుభవము, మైసూరు పరిశోధన

పాలకు బదులుగా గింజలు చాలునా అను ప్రశ్న మన దేశమున పెద్దలను కూడ వేధించినది. గాంధీజీ 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రమున పాలు మానివేసిరి. 1918లో ఖేడా జిల్లాలో పనిచేయుచున్న దినములలో వేరుశనగ ముద్దయు, నిమ్మపండ్లును ఆయనకు ముఖ్యాహారముగా ఉండెడివి. ఆ యేడు ఆయన తీవ్రమైన జిగట విరేచనములతో మంచము పట్టిరి. పాలు తీసికొననిదే దేహము మరల బలపడదని వైద్యులు చెప్పిరి. వ్రతము పట్టినప్పుడు తమ మనసులో ఉన్నవి ఆవు పాలు, గేదె పాలు మాత్రమే గనుక, కస్తూరిబా సూచనపై మేక పాలు త్రాగుటకు ఆయన ఒప్పుకొనిరి. పాలకు సరితూగు శాకాహార పదార్థము ఏదైన ఉన్నచో తెలుపవలసినదని ఆయన ఆ తరువాతను అనుభవజ్ఞులను కోరుచు వచ్చిరి.

1950లో మైసూరున కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము నెలకొన్నది. వేరుశనగను ప్రజల పోషణకు ఉపయోగించు మార్గములను అచ్చటి శాస్త్రజ్ఞులు వెదకిరి. 1960ల కాలమున వారు రూపొందించిన వానిలో ‘మిల్టోన్’ అను పానీయము ఒకటి. వేరుశనగ నుండి మాంసకృత్తులను వేరు చేసి, వానిని పశువుల పాలతో కలిపి, విటమినులు, ఖనిజములు చేర్చి దానిని తయారు చేసిరి. కొద్ది పాలను ఎక్కువమందికి అందించుట దాని ఉద్దేశము. ఇందు మనము గమనింపదగిన అంశము కలదు. ఆ శాస్త్రజ్ఞులు వేరుశనగను పాలకు తోడుగా చేసిరి. అందు లోపించిన వానిని బయటి నుండి చేర్చిరి. ఇంటిలో మనము తీయు పాలలో అట్టి చేర్పు ఏదియు ఉండదు.

ఏ పాలలో ఏమున్నది?

100 మిల్లీలీటరుల ఆవు పాలలో సుమారు 3 గ్రాముల మాంసకృత్తులును, సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియమును ఉండును. కాల్షియము ఎముకలకు, దంతములకు మూలధాతువు.

100 గ్రాముల సోయాచిక్కుళ్లలో 36 మొదలు 40 గ్రాముల వరకు మాంసకృత్తులు కలవు. ఆ 100 గ్రాముల నుండి ఒక లీటరు పాలు తీసి, మాంసకృత్తులలో నాలుగింట మూడు వంతులు పాలలోనికి దిగినవనుకొందము. అప్పుడు 100 మిల్లీలీటరులకు 3 గ్రాములకు కొంచెము తక్కువగా వచ్చును. ఇది ఆవు పాలకు చాల దగ్గర. అంతేగాక సోయా మాంసకృత్తులు నాణ్యమున కూడ పాల మాంసకృత్తులకు సమీపమున ఉన్నవి.

వేరుశనగ గింజలలో 100 గ్రాములకు మాంసకృత్తులు సుమారు 25 గ్రాములు. అదే లెక్కన లీటరు పాలు తీసినచో 100 మిల్లీలీటరులకు 2 గ్రాముల లోపుననే ఉండును. వేరుశనగ మాంసకృత్తులలో లైసీను వంటి కొన్ని అంశములు తక్కువ. పప్పులలో అవి సమృద్ధిగా ఉండును. కావున వేరుశనగ పాలు త్రాగువారు భోజనమున పప్పు తప్పక తినవలెను. వేరుశనగ నూనె చాలవరకు గుండెకు హాని చేయని జాతి క్రొవ్వు. గింజల పాలలో దేనియందును కొలెస్టరాలు లేదు.

ఇక కాల్షియము సంగతి చూడుడు. 100 గ్రాముల వేరుశనగలో ఉన్నది 100 మిల్లీగ్రాముల లోపు మాత్రమే. దాని నుండి లీటరు పాలు తీసినచో ఆ లీటరంతటిలోను అంతకు మించి ఉండదు. 200 మిల్లీలీటరుల ఆవు పాలు ఒక గ్లాసెడు త్రాగినచో 240 మిల్లీగ్రాములు అందును. అనగా లీటరు వేరుశనగ పాలలోని కాల్షియము గ్లాసెడు ఆవు పాలలోని దానిలో సగము కూడ కాదు. లీటరు సోయా పాలలో ఉండునది కూడ గ్లాసెడు ఆవు పాలలోని కాల్షియమును మించదు. పెద్దలకు దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినది. రక్తమునకు, నరములకు అవసరమైన బి-12 విటమిను పాలలో ఉన్నది. ఏ గింజల పాలలోను లేదు.

కొనుగోలు చేయు సీసాలలోని గింజల పానీయములలో కొన్నింటికి కాల్షియమును, విటమినులను చేర్చి అమ్ముదురు. కొన్నింటిలో చక్కెర ఎక్కువగా ఉండును. సీసాపై ముద్రించిన వివరములను చదువవలెను. పశువుల నుండి రాని పానీయమునకు పాలు అను పేరు పెట్టి అమ్మరాదని మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021లో చర్య తీసికొన్నది. వాడుక మాటలో పాలు అనుటలో తప్పులేదు. ఆ మాట చూచి మోసపోరాదు.

గింజ ఎన్నిక: అన్నింటికంటె ముఖ్యము

పాలు తీయుటకు ముందు గింజను పరీక్షింపవలెను. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోళ్లు అకస్మాత్తుగా చచ్చిపోయినవి. వానికి పెట్టిన దాణాలోని వేరుశనగ పిండికి బూజు పట్టియుండెనని, ఆ బూజు నుండి పుట్టిన విషమే కారణమని తరువాత తేలినది. ఆ విషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరు. ఇది మనుష్యుల కాలేయమును చెరచును; దీర్ఘకాలము కొద్దికొద్దిగా తిన్నను కాలేయమున పుండు పుట్టి కాన్సరుకు దారితీయవచ్చును. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రముల గ్రామములలో బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించిరి. పల్లీలును, మక్కలును పండించు మన జిల్లాలకు ఇది పరాయి విషయము కాదు.

ఈ విషము కాచినను పోదు, వేయించినను పూర్తిగా పోదు. పాలు తెల్లగా, కమ్మగా ఉన్నంత మాత్రమున అందు విషము లేదనరాదు. కావున ముందే జాగ్రత్తపడవలెను. బూజు పట్టినవి, ముడుత పడినవి, రంగు మారినవి, పగిలినవి, పురుగు తిన్నవి, చేదు తగిలినవి అగు గింజలను చేటలో పోసి వెలుతురులో ఒక్కొక్కటిగా ఏరి పారవేయవలెను. వానిని పశువులకు గాని, కోళ్లకు గాని పెట్టరాదు. పాడి పశువు అట్టి దాణా తిన్నచో విషములో కొంత దాని పాలలోనికి కూడ దిగును.

రైతు సోదరులు చేయవలసినది పొలముననే మొదలగును. పంట చివరి దినములలో నేల బెట్టకు వచ్చినచో ఈ బూజు ఎక్కువగా పట్టును. వీలున్నచో ఆ సమయమున ఒక తడి ఇచ్చుట మంచిది. కాయలు పెరికిన వెంటనే కుప్ప వేయక, పలుచగా పరచి త్రిప్పుచు ఎండబెట్టవలెను. కాయను చెవి యొద్ద ఊపినప్పుడు లోపలి గింజ గలగలలాడవలెను. వానకు తడిసిన కాయలను పొడి కాయలలో కలుపరాదు. తేమ తగులని చోట, నేలకు తగులకుండ కొయ్య పలకలపై బస్తాలు నిలుపవలెను. పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధన కేంద్రము వేరుశనగలోని ఈ విషమును గుర్తించు పరీక్షలపై చాల కృషి చేసినది.

వేరుశనగ పాలు తీయు విధము

కావలసినవి: ఏరిన వేరుశనగ గింజలు 100 గ్రాములు, మంచినీరు ఒక లీటరు, పలుచని శుభ్రమైన నూలుబట్ట, అడుగు మందముగల గిన్నె.

గింజలను కడిగి ఆరు మొదలు ఎనిమిది గంటలు నానబెట్టవలెను. ఎండాకాలమున నడుమ ఒకసారి నీరు మార్చవలెను, లేనిచో పులియును. నానిన పిమ్మట ఆ నీరు పారబోసి, గింజలను అరచేతుల నడుమ నలిపి ఎర్రని పొట్టు తీయవలెను. పొట్టు ఉన్నచో పాలు వగరుగా, ఎర్రగా వచ్చును. పచ్చి వాసన గిట్టనివారు గింజలను ముందుగా దోరగా వేయించి, పొట్టు ఊది, ఆ తరువాత నానబెట్టవచ్చును.

గింజలను రోటిలో గాని, మిక్సీలో గాని కొంచెము నీటితో మెత్తగా రుబ్బవలెను. రుబ్బు ఎంత మెత్తనైన పాలు అంత చిక్కగా దిగును. మిగిలిన నీటిని కొద్దికొద్దిగా కలిపి, బట్టలో పోసి, గట్టిగా పిండవలెను. ఆ పిప్పిని మరల ఒకసారి కొంచెము పాలతోనే రుబ్బి పిండినచో ఇంకను సారము వచ్చును.

ఈ పాలను అడుగంటకుండ కలుపుచు సన్నని సెగపై కాచవలెను. పొంగు వచ్చిన పిదప కనీసము పది నిమిషములు మరుగనీయవలెను. రుబ్బునప్పుడు చేతుల నుండి, బట్ట నుండి చేరిన సూక్ష్మజీవులు దీనిచే నశించును. దింపి, చల్లారనిచ్చి, ఏలకుల పొడి గాని, సొంఠి గాని వేసికొనవచ్చును. బెల్లము వేయదలచినచో పాలు గోరువెచ్చనైన తరువాత వేయవలెను. మరుగు పాలలో వేసినచో విరుగవచ్చును.

నీటి కొలతను మార్చరాదు. 50 గ్రాముల గింజలతో లీటరు చేసినను అది తెల్లగానే కనబడును. కాని అందు మాంసకృత్తులు 100 మిల్లీలీటరులకు ఒక గ్రామును చేరవు. అది పాలు కాదు, పాలరంగు నీరు.

సోయా పాలు తీయు విధము

సోయాచిక్కుళ్లు 100 గ్రాములు కడిగి ఎనిమిది మొదలు పది గంటలు నానబెట్టవలెను. నానిన గింజలను నలిపి, పొట్టు తేల్చి తీసివేయవలెను. వేరొక గిన్నెలో నీరు మరిగించి, చిటికెడు తినే సోడా వేసి, అందు గింజలను ఐదు నిమిషములు ఉడికించి, ఆ నీటిని పారబోయవలెను. పిదప మరుగుచున్న వేడినీటినే పోయుచు రుబ్బవలెను. సోయాకు సహజమైన పచ్చి చిక్కుడు వాసన, గింజ చల్లని నీటిలో నలిగినప్పుడు పుట్టును. వేడినీటితో రుబ్బినచో చాలవరకు పుట్టదు. వేడి పిండి చేతికి, మిక్సీ మూతకు చిమ్మకుండ జాగ్రత్తపడవలెను. మొత్తము లీటరు నీరు చాలును.

వడియగట్టిన పాలను కాచునప్పుడు ఒక మెలకువ పాటింపవలెను. సోయా పాలు మరుగుటకు ముందే నురుగు కట్టి పైకి లేచును. అది చూచి కాగినవని దింపరాదు. సెగ తగ్గించి, నురుగును అణచుచు, నిజముగా మరుగుట మొదలైన పిమ్మట పదిహేను మొదలు ఇరువది నిమిషముల వరకు కాచవలెను. పచ్చి సోయాలో మాంసకృత్తుల జీర్ణమును అడ్డగించు పదార్థములు కలవు. అవి వేడిచే మాత్రమే అణగును. సరిగా కాగని సోయా పాలు వాంతిని, కడుపునొప్పిని కలిగించును.

కాగిన సోయా పాలలో నిమ్మరసము పిండినచో విరిగి గడ్డకట్టును. దానిని బట్టలో కట్టి, బరువు పెట్టి నీరు కార్చినచో పన్నీరు వంటి ముద్ద వచ్చును, కూరగా వండుకొనవచ్చును. గోరువెచ్చని సోయా పాలలో తోడు వేసినచో పెరుగు కూడ తోడుకొనును.

నువ్వులు, రాగులు

నువ్వులలో కాల్షియము మిక్కిలి ఎక్కువ. పొట్టు తీయని నువ్వులలో 100 గ్రాములకు 1000 మిల్లీగ్రాములకు మించియున్నది. కాని అది ఎక్కువగా పొట్టుననే ఉండును. వడియగట్టినప్పుడు చాల భాగము పిప్పిలో మిగిలిపోవును. అందున్న కాల్షియమంతయు దేహమునకు పట్టదు కూడ. కావున నువ్వులను పాలుగా తీయుటకంటె పొడిగా గాని, ఉండలుగా గాని, సకినాల పిండిలో గాని నమలి తినుటయే లాభము.

రాగులలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండించి, దోరగా వేయించి పిండి చేసినచో అందలి ఖనిజములు దేహమునకు మరింత సులభముగా పట్టును. ఆ పిండిని నీటికి బదులు వేరుశనగ పాలతో గాని, సోయా పాలతో గాని జావగా కాచినచో ఒకదానిలోని కొరతను మరొకటి కొంత తీర్చును. 50 గ్రాముల రాగిపిండితో సుమారు 170 మిల్లీగ్రాముల కాల్షియము చేరును. గింజల పాలను వాడుటకు ఇంతకంటె మేలైన మార్గము మన ప్రాంతమున లేదు.

నిలువ, పిప్పి

గింజల పాలు పశువుల పాలవలెనే త్వరగా చెడును. వేసవిలో బయట ఎక్కువసేపు ఉంచక త్వరగా త్రాగివేయవలెను. శీతలపేటిక ఉన్నవారు శుభ్రమైన పాత్రలో మూతపెట్టి రెండు దినములు ఉంచుకొని, మరల కాచి వాడవచ్చును. పులిసిన వాసన గాని, జిగట గాని తోచినచో పారబోయవలెను. కొంత నిలిచిన పిమ్మట పైన మీగడవలె తేలి, అడుగున నీరు నిలుచుట దోషము కాదు, కలిపినచో సరిపోవును.

పిప్పిని పారవేయరాదు. అందు పీచు పదార్థమును, కొంత మాంసకృత్తులును మిగిలియున్నవి. వేరుశనగ పిప్పిని పచ్చిమిరప, చింతపండుతో నూరి తొక్కు చేసికొనవచ్చును. బియ్యపు పిండిలో కలిపి, నువ్వులు, ఉల్లికాడలు వేసి సర్వపిండిగా గిన్నెకు తట్టినచో పిల్లలు ఇష్టముగా తిందురు. సోయా పిప్పిని జొన్నపిండిలో కలిపి రొట్టెలు చేయవచ్చును. అది పచ్చిది గనుక లోపలి వరకు బాగుగా కాలవలెను. పిప్పి కూడ ఆ దినముననే వాడవలెను.

ఇంకొక సంగతి. పండ్లు గట్టిగా ఉండి నమలగలిగిన వారు అదే వేరుశనగను ఉడికించి గాని, వేయించి గాని తిన్నచో పిప్పితో సహా సర్వము దేహమునకు చేరును, శ్రమయు తగ్గును. పాలుగా తీయుట నమలలేని వృద్ధులకు, జబ్బుపడి లేచినవారికి, జావలు త్రాగు పిల్లలకు, పాలు పడనివారికి మిక్కిలి ఉపకరించును.

ఎవరు త్రాగవచ్చును? ఎవరికి పనికిరాదు?

పాలలోని తీపి పదార్థమునకు లాక్టోజు అని పేరు. దక్షిణ భారతమున పెద్దవారిలో అనేకులకు ఇది సరిగా జీర్ణము కాదు. పాలు త్రాగిన గంట, రెండు గంటలకు ఉబ్బరము, విరేచనములు కలుగును. గింజల పాలలో లాక్టోజు లేదు గనుక అట్టివారికి అవి హాయిగా ఉండును. అయితే వారు ముందుగా పెరుగును, మజ్జిగను వాడి చూడవలెను. తోడులోని సూక్ష్మజీవులు లాక్టోజును కొంత హరించుటచే పెరుగు చాలమందికి పడును. కాల్షియము కూడ దక్కును.

వేరుశనగ గాని, సోయా గాని కొందరికి పడదు. తిన్న వెంటనే దద్దురులు, పెదవుల వాపు, ఊపిరి ఆడకపోవుట కలిగినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మరల ఆ గింజను ముట్టరాదు. థైరాయిడుకు మాత్రలు వాడువారు మాత్రకును సోయా పాలకును నడుమ నాలుగు గంటల ఎడము ఉంచవలెను. సోయా ఆ మందును దేహమునకు పట్టనీయదు.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక. పుట్టిన బిడ్డకు ఆరు నెలల వరకు తల్లి పాలు తప్ప మరేదియు, నీరు సహా, పోయరాదు. ఆ పిమ్మట మెత్తని ఆహారముతో పాటు రెండేండ్లు నిండువరకును, ఆ పైనను తల్లి పాలు ఈయవచ్చును. ఏ గింజ పాలును తల్లి పాలకు బదులు కానేరవు. తల్లికి పాలు చాలనప్పుడు వైద్యుని గాని, ఆరోగ్య కార్యకర్తను గాని సంప్రదింపవలెను. పాలు అను పేరు విని పసిబిడ్డకు వేరుశనగ పాలు పట్టినచో బిడ్డ కడుపు నిండినట్లు కనబడును, ఏడుపు మానును. కాని బరువు పెరుగదు, ఎముక గట్టిపడదు, రోగమునకు నిలువలేదు. ఆ నష్టము మొదట కంటికి కనబడదు. కనబడునాటికి పూడ్చుట కష్టము.

ఏడాది దాటిన పిల్లలకు గింజల పాలను జావలో, ఉగ్గులో అదనపు ఆహారముగా ఈయవచ్చును. ఇంట పాలు ఉన్నచో వానిని మాన్పించి వీనిని పోయుట తగదు. గర్భిణులకు, బాలింతలకు తెలంగాణలో 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనముతో పాటు 200 మిల్లీలీటరుల పాలను, ఒక గ్రుడ్డును ఏర్పరచినది. ఇంట గింజల పాలున్నవి కదా యని దానిని వదలుకొనరాదు.

పాలు బొత్తిగా ముట్టనివారు కాల్షియమునకై రాగులు, నువ్వులు, మునగాకు, తోటకూర మొదలగు ఆకుకూరలు నిత్యము తినవలెను. పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసము అన్నియు మానినవారికి బి-12 విటమిను ఆహారమునుండి లభించు మార్గము లేదు. వారు వైద్యుని సలహాతో మాత్రలు వాడవలెను.

పాడికి పోటీ కాదు

గింజల పాలు వచ్చినచో పాడి ఎందుకని కొందరు తలపవచ్చును. ముల్కనూరున మహిళలు సహకార పద్ధతిపై 2002లో పాల డెయిరీ నెలకొల్పుకొని పాడి వలన స్త్రీలకు స్వంత ఆదాయము ఎట్లు కలుగునో చూపిరి. పాలు అమ్ముట తప్పు కాదు, అవసరము. అయితే అమ్మునది ఎంత, ఇంట ఉంచునది ఎంత అను లెక్క ఆ ఇంటివారు వేసికొనవలెను. పసిపిల్లలు, గర్భిణి ఉన్న ఇంట మొదటి గ్లాసు వారిది. ఆ పిమ్మట మిగిలినది కేంద్రమునకు పంపవచ్చును. పెద్దల తేనీటికి, జావకు, పాయసమునకు గింజల పాలు వాడుకొన్నచో ఆ మేరకు నిజమైన పాలు పిల్లలకు మిగులును. పేరున్న పాలన్నియు ఒకటి కావని తెలిసి, దేనిని ఎవరికి పోయవలెనో ఎరిగి పోసినప్పుడే చెలకలో పండిన పల్లీయు, కొట్టములోని గేదెయు ఆ ఇంటికి సమానముగా ఉపకరించును.